రాతికెక్కని పూడిక

మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించింది. కాకతీయుల తొలి తరాల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ రాయి చెప్పిందే. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి తర్వాత ఎవరు ఏలారు అనే లెక్క తేల్చుకోవడానికి చరిత్రకారులు దాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఆమె మాత్రం ఆ రాయి నిలబెట్టింది చెరువు కోసం. మనం వంశవృక్షం రాసుకున్నాం, చెరువును పక్కన పెట్టాం.

మార్పు, కొనసాగింపు అనే రెండు మాటలు చరిత్ర చదివే ప్రతి విద్యార్థికీ పరీక్షలో ఎదురవుతాయి. ఫలానా కాలంలో మారినవేమిటి, మారకుండా నిలిచినవేమిటి అని అడుగుతారు. మారినవాటి జాబితా చకచకా వచ్చేస్తుంది. రాజు మారాడు, శిస్తు మారింది, రాజధాని మారింది. నిలిచినవాటి దగ్గరికి వచ్చేసరికి ‘వ్యవసాయం ఎప్పటిలాగే సాగింది’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటాం. ఆ ‘ఎప్పటిలాగే’ అన్న మాట వెనక ఎంత చాకిరీ ఉందో చూడాలంటే తెలుగు నేల మీద చెరువును మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎప్పటిలాగే ఉండే చెరువు అంటూ ఒకటి లేదు. ప్రతి వానాకాలం పై నుంచి ఒండ్రు తెచ్చి పోస్తుంది. అల కట్టను కోస్తుంది. ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి. కట్ట మీద మొలిచిన తుమ్మ చెట్టు వేళ్లు లోపలికి దిగి నీటికి దారి చూపిస్తాయి. ఎవరూ ఏమీ చేయకపోతే కొన్ని తరాలకు చెరువు మెరక పొలం అవుతుంది. ఒక చెరువు ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉందంటే, అన్ని వందల ఏళ్లూ ఎవరో ఒకరు తట్ట మోసి దాన్ని అక్కడ నిలబెట్టారు. కట్టించినవాడి పేరు రాయి మీద ఉంది. పూడిక తీసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మార్పు శాసనం వేయించుకుంటుంది, కొనసాగింపు వేయించుకోదు. ఈ తేడాను పట్టించుకోకుండా రాసిన చరిత్రలో రాజులే పని చేసినట్టు ఉంటుంది.

చెరువును కాకతీయులు కనిపెట్టలేదు. కింద గట్టి రాయి, పైన పలుచటి నేల, నాలుగు నెలల్లో కురిసి పోయే వాన. దక్కన్ పీఠభూమిలో బతకాలంటే పారే నీటికి అడ్డం వేయక తప్పదు. రెండు మూడు గుట్టల నడుమ మట్టికట్ట పోసి, తూము పెట్టి, మిగులు నీరు పోవడానికి మత్తడి వదిలారు. ఆ మత్తడి దూకిన నీరు కిందనున్న చెరువుకు చేరుతుంది, అది నిండితే ఇంకా కిందికి. దీన్నే గొలుసుకట్టు అంటున్నాం. కాకతీయులు, వాళ్ల సామంతులు చేసిందేమిటంటే, ఈ పనిని రాజధర్మం స్థాయికి ఎత్తారు. కొడుకును కనడం, కావ్యం రాయించడం, గుడి కట్టడం లాంటి సప్తసంతానాల్లో తటాకం ఒకటి. సంతానం అంటే మనం పోయాక మన పేరు నిలబెట్టేది. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రుద్రేశ్వరాలయం కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి అదే. దానికి దగ్గర్లోనే రామప్ప చెరువు. పాకాల చెరువు గణపతిదేవుడి కాలంలో జగదల ముమ్మడి కట్టించినది. రామప్ప గుడి చూడ్డానికి వచ్చే బస్సులు అన్నీ ఇన్నీ కావు. అక్కడ ఏనుగు చెక్కడం చూసి ఆశ్చర్యపడేవాళ్లు చెరువు గట్టెక్కి తూము కూడా చూడాలని నా కోరిక. గుడికి భక్తులు తగ్గినా రాయి నిలుస్తుంది. తూముకు పాటు చేసేవాడు తగ్గితే రెండు వానలకే తెలిసిపోతుంది.

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యాలకు దక్కింది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. పాఠ్యపుస్తకంలో అక్కడ అధ్యాయం ముగుస్తుంది. పాకాల కింద నాటు వేసే రైతుకు ఆ ఏడు ఏ అధ్యాయం ముగిసింది? సేనలు నడిచిన దారిలో ఊళ్లు పాడయ్యాయి, మనుషులు చెల్లాచెదురయ్యారు, నిజమే. అయినా కట్టలు నిలిచినచోట నీళ్లు అదే వాలున పారాయి, కొత్త దొర పాత ఆయకట్టు మీదే శిస్తు వసూలు చేశాడు. మనం చరిత్రను రాజవంశాలతో ముక్కలు కోయడానికి అలవాటు పడ్డాం. చెరువుకు వేరే పంచాంగం ఉంది. అందులో 1323 పెద్ద తేదీ కాకపోవచ్చు.

దానికి సాక్ష్యం దక్షిణాన ఉంది. ఓరుగల్లు పడి యాభై ఏళ్లు తిరక్కుండానే, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లలో విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఓ పెద్ద చెరువు కట్టించాడు. దాని గురించి వేయించిన సంస్కృత శాసనం నాకు చాలా ఇష్టమైనది. చెరువు కట్టడానికి ఏవేవి కావాలో అందులో పన్నెండు అంగాలుగా చెప్పారు. వాటిలో కొన్ని ఇవి. ధర్మం తెలిసిన, సంపద కలిగిన రాజు కావాలి. నీటి శాస్త్రం చదివిన పండితుడు కావాలి. గట్టి బంకనేల, దూరం నుంచి తియ్యని నీళ్లు తెచ్చే నది, ఆ నదిని ఇరుకున పెట్టే గుట్టలు, ఆ గుట్టల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, చివరికి పని తెలిసిన కూలీల జట్టు. రాజుతో మొదలైన జాబితా కూలీలతో ముగిసింది. వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు రెండేళ్లపాటు పని చేశారని కూడా రాశారు. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు, కానీ వెయ్యి అనే అంకె ఉంది. మన శాసనాల్లో ఆ మాత్రం దొరకడమే అరుదు.

అదే శాసనంలో ఆరు దోషాలు కూడా ఉన్నాయి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు గర్భం నడుమ మెరక, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇవి ఐదూ ఇంజినీరు ఎవరైనా చెప్పేవే. మిగిలినది రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. నీటికి ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో 650 ఏళ్ల కిందటే చూసి, ఉప్పునేలతో సమానంగా దోషాల్లో చేర్చారు. కృష్ణా జలాల కోసం ట్రిబ్యునళ్ల ముందు నిలబడే మన రెండు రాష్ట్రాల వకీళ్లు ఆ రాయిని ఒక్కసారి చదవాలి. నీటి చరిత్రలో ఇంతకంటే గట్టిగా నిలిచిన కొనసాగింపు నాకు కనిపించలేదు.

విజయనగరం వాళ్లు చెరువులు కట్టే పనిని పోరుమామిళ్లతో ఆపలేదు. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు వాళ్ల కాలానిదే. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెప్పేచోట చెరువులు, కాలువలు తవ్వించి పేదరైతుకు శిస్తు తగ్గించమని రాశాడు. అటు గోల్కొండలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో 1562లో హుసేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగర్ తయారైంది. మూడేళ్లకు, 1565లో, రక్కసి తంగడి యుద్ధంలో ఈ రెండు రాజ్యాలూ ఎదురుబొదురుగా నిలిచాయి. మతం వేరు, భాష వేరు, సైన్యం వేరు. వాగుకు కట్ట వేసే పద్ధతి మాత్రం ఒక్కటే. బహుశా మట్టి పోసిన చేతులు కూడా ఒకే కులాలవి. ఒడ్డెరలు ఏ సుల్తాను కిందైనా, ఏ రాయల కిందైనా రాయి కొట్టి, మట్టి మోసిన వాళ్లే.

ఇక రోజువారీ సంగతి. ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో చూసేది, వాన రాత్రి కట్ట మీద పడుకుని ఎక్కడైనా బుంగ పడిందా అని చెవి పెట్టి వినేది అతనే. చాలా ఊళ్లలో దళితుడు. నీటిని పంచినవాడికి ఆ నీటి కింద సొంత పొలం ఉండడం తక్కువ, పంట కోతప్పుడు ఇచ్చే గింజలే జీతం. చెరువులో సగం నీళ్లే ఉన్న ఏడు యాసంగికి ఎంత భూమి తడపాలో ముందే తేల్చుకునేవాళ్లు. తెలంగాణలో దాన్ని తైబందీ అన్నారు. రాయలసీమలో చెరువు కట్టించినవాళ్లకు, మరమ్మతు చూసేవాళ్లకు దశబంధం మాన్యాలిచ్చారు. ఆ మాన్యం తినేవాడు చెరువు బాగోగులు చూడాలి.

ఈ పాత వ్యవస్థను తలుచుకుని మురిసిపోయే వ్యాసాలు చాలా వచ్చాయి. ఊరంతా కలిసి పూడిక తీశారని రాస్తారు. ఊరంతా అంటే ఎవరు? తట్ట పట్టింది ఎవరు, గట్టు మీద గొడుగు కింద నిలబడింది ఎవరు? తూము పక్కనున్న పొలం ఎవరిది, కాలువ చివర నీళ్లందని పొలం ఎవరిది? నిజాం తెలంగాణలో ఈ పనిలో చాలా భాగం వెట్టి. 1940ల్లో ఆంధ్ర మహాసభ వెట్టికి ఎదురు తిరిగినప్పుడు దొర గడీతోపాటు దొర చెరువు పని కూడా ఆ తిరుగుబాటు కిందికి వచ్చింది. చెరువు నిలిచింది. అది నిలిచిన తీరులో అన్యాయమూ నిలిచింది. కొనసాగింపును మెచ్చుకునేముందు అది ఎవరి వీపు మీద కొనసాగిందో అడగని చరిత్ర నాకు అక్కర్లేదు.

1800లో నిజాం రాయలసీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించాడు. మన్రో దొర కలెక్టరుగా వచ్చి రైత్వారీ స్థిరపరిచాడు. శిస్తు ఇప్పుడు ఊరిది కాదు, ఒక్కో పట్టాదారుది. చెరువు మాత్రం ఊరందరిదీ. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు. ఎవరి శిస్తు వాళ్లు కట్టేవాళ్లు ఎవరి పూడిక తీయాలి? దశబంధం మాన్యాలు కంపెనీ కచ్చేరీ పుస్తకాల్లో ఇనాముల పద్దులోకి మారి, పనికీ భూమికీ మధ్య ఉన్న ముడి క్రమంగా వదులయింది. 1858లో మద్రాసు ప్రాంతానికి ఏకంగా చట్టమే వచ్చింది. చెరువుకు గండి పడేలా ఉంటే ఊరివాళ్లు విధిగా వచ్చి పని చేయాలి. వందల ఏళ్లు అలవాటుగానో, బలవంతంగానో జరిగిన పనిని కాగితం మీద చట్టంగా రాయాల్సి వచ్చిందంటే అప్పటికే అది జరగడం మానేసిందని అర్థం. చట్టం పుట్టిన తేదీని మనం మార్పుగా గుర్తు పెట్టుకుంటాం. అసలు మార్పు అంతకు చాలా ముందు, ఎవరూ రాసుకోని ఏడాదిలో జరిగిపోయి ఉంటుంది.

అటు కోస్తాలో మార్పు కళ్లకు కట్టినట్టు వచ్చింది. 1832–33 గుంటూరు కరువులో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. 1855కు బెజవాడ ఆనకట్ట కూడా నీళ్లు మళ్లించింది. డెల్టాలో ఎన్నో ఊళ్లలో కాటన్ విగ్రహం ఉన్నదంటే కారణం ఆ నీళ్లు. ఆధునిక ఇంజినీరింగ్ విజయం అని రాస్తాం, తప్పు లేదు. కానీ అంతకుముందు కాటన్ కావేరి మీద పని చేశాడు. లోతైన ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో చోళుల కల్లణై చూసి నేర్చుకున్నానని స్వయంగా ఒప్పుకున్నాడు. గోదావరి ఇసుకలో నిలిచిన పునాదికి మూలం కావేరిలో ఉంది. పెద్ద మార్పు అనుకున్నదాని అడుగున పాత పనితనం పరుచుకుని ఉంది.

చెరువు చేతకానితనాన్నీ చెప్పాలి. 1876–78 కరువులో రాయలసీమలో లక్షల మంది చనిపోయారు. రెండేళ్లు వాన లేకపోతే ఏ చెరువూ నిండదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు నగరానికి ఎగువనున్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి వరద మరింత పెరిగింది. గొలుసుకట్టులో ఒక కడియం ఊడితే కింది కడియాలకు ఆపద. ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్యను రప్పించారు. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1931కి అలీ నవాజ్ జంగ్ మంజీర మీద నిజాంసాగర్ నిలబెట్టాడు. నీటి పెత్తనం ఊరి నుంచి నగరానికి, నీరటి నుంచి చీఫ్ ఇంజినీరుకు జరగడం అప్పుడు మొదలైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికి ఆ దారి స్థిరపడింది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. చెరువు పంచాంగంలో వీటికంటే పెద్ద తేదీలు రెండు ఉన్నాయని నా నమ్మకం. మొదటిది 1984. ఆ ఏడు ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం మునసబు, పటేల్ పట్వారీ పదవులను రద్దు చేసింది. ఊరి జనాన్ని తరతరాలుగా పీడించిన పెత్తనం కూలింది, కూలాల్సిందే. కానీ తైబందీ లెక్క, ఏ కాలువ కింద ఎవరి మడి అనే జ్ఞాపకం, నీరటి మీద అజమాయిషీ, అన్నీ ఆ మనుషుల చేతుల్లోనే ఉండేవి. వాళ్ల స్థానంలో చెరువును చూసేవాళ్లెవరో ఎవరూ తేల్చలేదు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలు జరిగాయి, కొన్నిచోట్ల సంఘాలు బాగా పని చేశాయి, చాలాచోట్ల సాగలేదు. నీరటి కొంతకాలం గ్రామ రెవెన్యూ సహాయకుడిగా, అంటే వీఆర్ఏగా, మిగిలాడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్ఏలను వేర్వేరు శాఖల్లోకి సర్దింది. తరతరాలుగా సాగిన ఆ ఊరి ఉద్యోగం ఒక జీవోతో ముగిసింది. నేను చూసిన ఏ పత్రికలోనూ అది నీరటి అంతంగా నమోదు కాలేదు.

రెండో తేదీకి అంకె లేదు. మా ఊరికి మొదటి బోరు బండి వచ్చిన రోజు అది. మీ ఊళ్లో ఆ రోజు వేరు. సబ్‌మెర్సిబుల్ మోటారు దిగాక రైతుకు తూము కోసం ఎదురుచూసే పని తప్పింది. ఎవరితోనూ వంతు పంచుకోనక్కర్లేదు, తైబందీ సభకు పోనక్కర్లేదు, స్విచ్చి వేస్తే చాలు. చివరి మడి రైతుకు, దొర దయ మీద బతికినవాడికి, ఇదొక స్వేచ్ఛ. దాన్ని తక్కువ చేయలేను. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. బోర్లు లోతుకు పోయాయి, ఎండిపోయాయి, మళ్లీ లోతుకు పోయాయి. అప్పుల్లో మునిగి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు కాని చాలామందికి తట్టలేదు, ఆ బోర్లలోకి నీళ్లు ఊరింది చెరువుల నుంచేనని. చెరువు నిండిన ఏడు చుట్టుపక్కల బావుల్లో మట్టం లేస్తుంది. పాత కొనసాగింపు పైకి కనిపించడం మానేసి భూమి లోపలినుంచి పని చేస్తూ వచ్చింది. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల్లో కొన్నిచోట్ల రైతులే తూములు మూసేసుకున్నారు. చెరువు నీరు పారించేది కాక ఇంకించేదయింది. పేరు అదే, కట్ట అదే, పని మారింది.

నగరంలో దీనికి తలకిందులు. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేదు. హైదరాబాద్‌లో కుంట అని పేరున్న బస్తీలు ఎన్నో, వాటిలో నీళ్లు నిలిచే చోటు వెతుక్కోవాలి. చెరువు గర్భంలోని శిఖం భూములకు లేఅవుట్లు పడ్డాయి, మత్తడి కాలువల మీద ఇళ్లు లేచాయి. 2020 అక్టోబరులో వాన కుంభవృష్టిగా కురిసిన రాత్రి నీళ్లు పాత దారినే వెతుక్కుంటూ వచ్చి పడకగదుల్లో నిలబడ్డాయి. మనం మరిచిపోయిన వాలు నీటికి గుర్తుంది. రికార్డులో పోయిన చెరువు నేలలో పోలేదు.

బతుకమ్మ మాత్రం ఉంది. తంగేడు, గునుగు పూల దొంతరను నీళ్లలో సాగనంపే పండగ చెరువు లేకుండా లేదు. నీళ్లు లేని కాలనీల్లో ఆడవాళ్లు తొట్టెలో నీళ్లు పోసి అందులో పూలు విడుస్తుంటే చూశాను. గుండె కలుక్కుమంది. అయినా ఆ తొట్టెను తక్కువ చూడను. చెరువు పోయినా నీటి దగ్గరికి వెళ్లాలన్న అలవాటు పోలేదు.

2015 మార్చి 12న, కామారెడ్డి దగ్గర సదాశివనగర్ పాత చెరువులో మిషన్ కాకతీయ మొదలైంది. తెలంగాణలో చిన్న నీటి వనరులు 46,531 అని లెక్క తేల్చి దశలవారీగా పూడిక తీయాలనుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడు నీరు–చెట్టు మొదలుపెట్టారు. ఒండ్రును రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకుపోయారు. తరతరాల నుంచి పొలానికి సత్తువ పోయడానికి వాడిన మట్టి అది. తట్టల బదులు పొక్లెయిన్లు, బండ్ల బదులు ట్రాక్టర్లు. కొన్నిచోట్ల పని బాగా జరిగింది, కొన్నిచోట్ల కట్ట దగ్గర గీసి వదిలేశారన్న ఫిర్యాదులూ వచ్చాయి. పథకానికి పెట్టిన పేరులో కాకతీయులున్నారు. పనికి మాత్రం వాళ్లకంటే నీరటి వారసత్వం ఎక్కువ. కొత్త చెరువు తవ్వడం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం. ఒక ప్రభుత్వం మరమ్మతును ఇంత పెద్దయెత్తున రాతికెక్కించడం నా ఎరుకలో అరుదు. ఊరూరా చెరువు కట్ట మీద శిలాఫలకాలు వెలిశాయి. వాటి మీద మంత్రులు, శాసనసభ్యుల పేర్లున్నాయి.

ప్రొద్దున లేచి తూము దగ్గర చెత్త తీసేది ఎవరు అన్నది ఏ ఫలకం మీదా లేదు. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. పూడిక తీయించడం ఒక పథకం, తీస్తూ ఉండడం ఒక జీవితం. సదాశివనగర్ చెరువులో ఆ రోజు మొదటి తట్ట ఎత్తాక పదికి పైగా వానాకాలాలు గడిచాయి. ప్రతి వానకూ కొంత ఒండ్రు చేరుతూనే ఉంది.